మొదటి పేజీ మీది మార్కు

ఏడేళ్ళ కిందట, వానాకాలం సెమిస్టర్‌లో, పుదుచ్చేరిలోని ఒక కళాశాలలో ఎకనామిక్స్ అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఉన్నాను. ఇంటర్నల్ పరీక్షల్లో వ్యాసప్రశ్నలు ఉంచాలా, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ఆబ్జెక్టివ్ ప్రశ్నలు చాలునా అన్నది తేల్చే పని నాకు అప్పగించారు. ఒకే తరగతికి రెండు పరీక్షలూ పెట్టాను. ముందు ఆబ్జెక్టివ్ దిద్ది, ఆ మార్కును ప్రతి వ్యాసపత్రం మొదటి పేజీ మీద ఎర్రసిరాతో వేసుకున్నాను, తర్వాత కూడికకు వీలుగా ఉంటుందని.

వ్యాసాలు దిద్దింది మధ్యాహ్నాల్లో, రెడ్డియార్‌పాళయంలో మా మేడ మీద. వాన వెలిసిన పలచని వెలుతురు, తడిగాలి. మగతలో అక్షరాలు నీళ్ళ కింద కదులుతున్నట్టుండేవి. ఎంత వెయ్యాలో చేతికి ముందే తెలిసినట్టు మార్కు పడిపోయేది. చివరికి రెండు పరీక్షల మార్కులూ దాదాపు ఒకే వరుసలో వచ్చాయి. ఆ పొందిక చూసి మురిసిపోయి, రెండూ ఒకే జ్ఞానాన్ని కొలుస్తున్నాయి, వ్యాసం అనవసరం అని నివేదిక ఇచ్చాను.

సముద్రపు ఒడ్డు జాలరిపేట కురుచికుప్పం నుంచి వచ్చే కె. భానుమతికి రెండింటిలోనూ తక్కువే. ఇంటర్నల్ గట్టెక్కకపోతే సెమిస్టర్ పరీక్షకు కూర్చోనివ్వరు. వ్యాసపత్రం పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చి, ఇంటి తెలుగులో అడిగింది.

“సార్, యాడ తప్పు రాసినానో జూపియ్యండి.”

వెతికాను. కనబడలేదు. “ఆబ్జెక్టివ్‌లోనూ నీకు తక్కువే కదమ్మా,” అన్నాను.

“అది వేరే పరీక్ష గదా సార్. దాన్ని జూసి దీనికి మార్కేసేదుంటే, ఇదెందుకు రాపిచ్చినారు?”

నోటి పరీక్ష పెట్టుంటే ఈ పిల్లే ఫస్టని పక్క బల్ల లెక్చరర్ తమిళంలో అన్నాడు. నేనూ నవ్వాను. మార్కు మార్చలేదు.

ఆమె వెళ్ళాక, బల్ల మీద వదిలిన ఆ పత్రాన్ని ఎర్రసిరా మార్కు కనబడకుండా మొదటి పేజీ వెనక్కి మడిచి చదివాను. ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే డిమాండ్ వ్యాకోచత్వం మీద ప్రశ్న. వలలు నిండిన రోజు రాబడి ఎందుకు తగ్గుతుందో క్రమంగా రాసింది. మిగతా పత్రాలూ అలాగే మడిచి దిద్దాను. వరుస చెదిరిపోయింది. అప్పటికి నివేదిక ఆమోదం పొందింది. పద్ధతే తప్పని ఒప్పుకోవలసి వస్తుందని ఊరుకున్నాను.

భానుమతి మరుసటి ఏడాది ఇంటర్నల్ మళ్ళీ రాసింది. అప్పటికి వ్యాసప్రశ్న తీసేశారు.

ఈ మధ్యనే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఆ నివేదికను ఇంకా ఆధారంగా చూపేవాళ్ళున్నారు గనుక రాస్తున్నాను. రెండు పరీక్షలను పోల్చేటప్పుడు, రెండోది దిద్దేవాడికి మొదటి దాని మార్కు తెలియకూడదు. నాకు ఆ మార్కు తెలుసు. కాబట్టి ఏ ప్రశ్నలు మేలో ఆ నివేదిక తేల్చలేదు. భానుమతి వ్యాసానికి రావలసింది పాసు మార్కు.