చదివి వినిపించని కాగితం

2022 వర్షాకాలం. అరకు లోయకు అవతల, కొండల్లో ఒక సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్‌ఎంని. టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, కాన్పుకి ఆసుపత్రికి చేర్చడం మా పని. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. నా నోటికి జడిసి మగవాళ్లు కూడా సూదికి చెయ్యి చాపుతారని పేరు. ఆ పేరంటే కాస్త గర్వం కూడా ఉండేది.

వాగు అవతలి ఊళ్లో చిలకమ్మకి ఎనిమిదో నెల, రెండో కాన్పు. బీపీ నూట అరవై దాటింది, కాళ్లు ఉబ్బాయి. మా భాషలో హై రిస్క్, అంటే ఎప్పుడు ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా పోతారో చెప్పలేని కేసు. మాత్రలిచ్చి వెంటనే ఆసుపత్రిలో చేరమన్నాను. రానంది. మర్నాడు మళ్లీ కొండెక్కితే, నేను వస్తున్నానని తెలిసి చోడి చేలో, ఆ రాగి పైరు మధ్య దాక్కుంది. ఒళ్లు మండిపోయింది నాకు. రేపటికల్లా రాకపోతే రేషన్ బియ్యం ఆపించేస్తానని ఊరందరి ముందూ అనేశాను. అలాంటి రూలేదీ లేదు. బెదిరిస్తే పనవుతుందని అందరం అలా అనేస్తుంటాం.

తెల్లారి సబ్‌సెంటర్ తలుపు తీస్తే మెట్ల మీద చిలకమ్మ అత్త కూర్చుని ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. కోడలు దారికొచ్చిందనుకుని లోలోపల సంబరపడ్డాను. ఆవిడ కొంగు ముడి విప్పి, రేషన్ కార్డు తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"ఇదిగో సిస్టరమ్మా, కార్డు ఇచ్చీసాం. బియ్యం మీరే ఉంచుకోండి. గుంటని ఒగ్గీండి."

ఇంటిల్లిపాదీ తినే బియ్యం వదులుకుని, మా చేతుల్లోంచి కోడల్ని విడిపించుకోవడానికి వచ్చిందా మనిషి! సిగ్గుతో చచ్చిపోయాను. బియ్యం సంగతి అబద్ధమని ఒప్పుకుని, కార్డు తిరిగిచ్చి, టీ పెట్టిచ్చి, ఆసుపత్రంటే ఎందుకంత భయమని అడిగాను.

మొదటి కాన్పు తర్వాత చిలకమ్మకి నెలల తరబడి రక్తం పోయిందట. కిందికి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్తే, లోపల కాపర్-టి ఉందని చెప్పి తీసేశారట. వెంటనే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం అది. సర్కారు ఆసుపత్రిలో కాన్పు కాగానే మా వాళ్లు పెట్టారు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఒద్దందుమో, అవునందుమో, అది తరవాత మాట. అడగాల కదమ్మా?" అంది అత్త.

సంతకం లేకుండా పెట్టి ఉంటే ఫిర్యాదు రాస్తానని ఆవేశంగా చెప్పి, ఆ రోజే మా సర్కారు ఆసుపత్రికి వెళ్లి పాత కేసు షీటు తీయించాను. కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకోలు పత్రం, ఉంది. కింద చిలకమ్మ వేలిముద్ర. దాని పక్కన సాక్షి సంతకం నాది.

నొప్పులతో మేం తీసుకొచ్చే మనిషి చేత కాగితాలన్నిటి మీదా ఒకేసారి వేలిముద్రలు వేయించేస్తాం, మళ్లీ టైం దొరకదని. ఖాళీలు తర్వాత తీరిగ్గా నింపుకుంటాం. ఇన్నేళ్లలో ఎంతమంది చేత అలా వేయించానో దేవుడికే తెలియాలి.

సాయంత్రం మళ్లీ కొండెక్కి, ఆ సాక్షిని నేనేనని చిలకమ్మతో చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నీకు సెప్పకండా నీ ఒంట్లో ఏటైనా ఎడితే నువ్వొత్తువా మళ్లీ?" అంది. రానన్నాను. బీపీ వల్ల ఏం జరగొచ్చో ఏదీ దాచకుండా చెప్పి, రావడం రాకపోవడం నీ ఇష్టమన్నాను. ఆ మాట అనడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. రానంటే ఆమె చచ్చిపోవచ్చు.

మర్నాడు అత్తని వెంటబెట్టుకుని తనే వచ్చింది. ఆసుపత్రిలో కాగితాల కట్ట చేతికిచ్చారు. ఒక్కొక్కటీ చదివి చెప్పాను. కాపర్-టి కాగితం దగ్గర వద్దంది. ఎక్కడ రాయాలా అని ఫారం అంతా వెతికాను. 'ఒప్పుకుంటున్నాను' అని అచ్చేసి ఉంది గానీ, వద్దనేవాళ్లకు ఒక్క గడి లేదు. ఇన్నేళ్లూ నా కంటికి అది ఆనలేదు.

ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. ఇద్దరూ దక్కారు.

సర్కారు మనిషిగా నేను మందు గుమ్మం దాకా మోసుకెళ్లొచ్చు, ఉన్న ప్రమాదమంతా చెప్పొచ్చు, కాళ్లావేళ్లా పడొచ్చు. అక్కడితో నా అధికారం సరి. మనిషి ఒళ్లు సర్కారు సొత్తు కాదు. అప్పటి నుంచి నా చేతికొచ్చిన ప్రతి ఫారం మీదా పెన్నుతో ఒక గడి గీసి, పక్కన 'వద్దు' అని రాస్తున్నాను. ఫారాలు పాడుచేస్తున్నానని పైవాళ్లు రెండుసార్లు మెమో ఇచ్చారు. గీస్తూనే ఉన్నాను.