మరిది పంచన చేరిన పెట్టెలు

ఆ హోటల్ పాత భాగంలో వైఫై పని నిచ్చెనమ్మది. ఎప్పుడు చూసినా నిచ్చెన మీదే ఉంటుందని ఆ పేరు స్థిరపడిపోయింది. ఎవరూ నేర్పలేదు, పాడైనవి విప్పి, బిగించి, కొన్ని కాల్చుకుని నేర్చుకుంది.

కొత్త భాగం ఆవిడ మరిదికి దక్కింది. పనిమంతుడే, కాకపోతే చేతికన్నా నోరు ముందు నడుస్తుంది. తన స్విచ్ బిగించిన మర్నాడు పొద్దున్నే నవ్వుకుంటూ వచ్చాడు.

"వదినా, నీ పెట్టెలన్నీ నా పంచన చేరాయి. ఏం పెట్టి పెంచావో ఏమో!"

నిజమే. గదుల్లోని వైఫై పెట్టెలు లేవగానే తమను నడిపే స్విచ్ ఏదని అడుగుతాయి. రెండు స్విచ్‌లు పలికితే, హోదా ఎక్కువున్న దాని వెంట పోతాయి. మరిది తన స్విచ్‌కు అన్నిటికన్నా పెద్ద హోదా రాసుకున్నాడు. రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ అటే ఉరికాయి.

"ఎవరి స్విచ్ కింద ఉన్న గదులు వాళ్లవి. సాయంత్రం చూసి ఖాయం చేస్తా. అందాకా ఆ గదుల అతిథులు చేసే ఫోన్లూ వాళ్లకే," అన్నాడు యజమాని.

ఆ గదులు పోతే నిచ్చెనమ్మకు వేరే పని లేదు. ఏ పెట్టెకా పెట్టెలో 'నీ స్విచ్ ఇది' అని రాస్తే హోదాలతో పనిలేకుండా వెనక్కొస్తాయి. ఆవిడ రాయలేదు. "ఉంచుకో నాయనా," అని తీరిగ్గా టీ పెట్టుకుంది.

పాత భాగంలో ఉండేవాళ్లంతా నెలల తరబడి దిగిన పెద్దవాళ్లు. వాళ్లకు వైఫై మనిషంటే ఇంటి మనిషి. ఒకాయన మరిదికి ఫోన్ చేసి కళ్లజోడు వెతికిపెట్టమన్నాడు. ఒకావిడ టీవీ సౌండు ఎక్కువైందంది, తగ్గిస్తే వినబడట్లేదంది. ఇంకొకాయన మనవరాలికి వీడియో కాల్ కలిపించుకుని, "అంకుల్‌కి పాట పాడవే," అన్నాడు. అది ఆరు పాటలు పాడింది.

సాయంత్రానికి మరిది మొహం వాడిపోయింది.

"వదినా, తల్లీ, నీ సంత నువ్వు తీసుకో."

"హోదా తగ్గించుకో, అవే వస్తాయి."

"తగ్గిస్తే నావి కూడా నీ దగ్గరికొచ్చేస్తాయిగా!"

"రానీ. బాగా చూసుకుంటా."

"నవ్వకు వదినా!"

"అయితే ముందు యజమానితో చెప్పు."

అక్కడే ఫోన్ చేశాడు. "నా వల్ల కాదండీ, పాత భాగం వదినకే ఉంచండి." యజమాని సరేనన్నాడు.

అప్పుడు నిచ్చెనమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. తన పెట్టెలన్నిటిలోనూ మొదట తన స్విచ్ పేరు, దాని కింద మరిది స్విచ్ పేరు రాసింది. పెట్టెలు ఒక్కొక్కటే ఇల్లు చేరాయి.

"నా పేరెందుకు?"

"నాది పడిపోతే నీ దగ్గరికి రావాలిగా. వస్తాయో లేదో చూద్దాం." తన స్విచ్ ప్లగ్ పీకేసింది.

మరిది ఫోన్ మోగింది, పాత భాగం నుంచే. వెంటనే ఇంకోటి.

"పెట్టు వదినా, పెట్టేయ్!"

"ఆగు, ఇంకా రెండు పెట్టెలు రావాలి. సగంలో ఆపితే అదేం పరీక్ష?"