పోశం పేరు మీద యాకూబ్

గోదావరిఖని బజార్లో ఎవరన్నా "పోశమన్నా" అంటే యాకూబ్ టక్కున తిరిగి చూస్తాడు. "యాకూబ్" అంటే మాత్రం రెండోసారి పిలవాలె. కొలువు వచ్చిన అసలు పోశం, బొగ్గుబాయిల చీకటికి జడిసి ఊరికి ఉరికితే, ఆ పేరు మీద ఇతను దిగాడు. ఇట్లా మారుపేర్లతో దిగినోళ్లు ప్రతి షిఫ్టులో ఉన్నారు. పై వాళ్లకు తెలియని సంగతేం కాదు. బొగ్గు ఎత్తే రెక్కలుంటే చాలు, పేరెవరిక్కావాలె? పద్నాలుగేండ్ల తర్వాత కొలువు వదిలి, సొంత పేరుతో పాస్‌పోర్టు తీసి సౌదీ పోయాడు. ఇప్పుడు సెలవు మీద వచ్చాడు. పోశం పేరు మీద జమైన పీఎఫ్ పైసలు చేతికొస్తే సైకిల్ దుకాణం పెట్టుకుని, మళ్లీ ఆ ఎడారికి పోవద్దని ఆశ.

పీఎఫ్ ఆఫీసులో క్లర్కు పాస్‌పోర్టు చూసి వెనక్కి తోశాడు. "నువ్వు యాకూబ్‌వి. పైసలు పోశంవి. ఆయన్ని రమ్మను." "ఆయన సచ్చి నాలుగేండ్లాయె సార్." "అయితే ఆయన పెండ్లాన్ని తోల్కరా, ఆమెకిస్తం." యాకూబ్ అంగీ పైకి లేపాడు. బాయిల కప్పు కూలినప్పటి గాయంలో బొగ్గు ఇంకి వీపంతా నీలంగా ఉంది. "గీ దెబ్బ గూడ ఆమెకే ఇస్తరా సార్? గప్పుడు నన్నే పోశం అని దవాఖానల పండబెట్టిన్రు. నువ్వెవనివిరా అని ఒక్కలన్న అడిగిన్రా?" వరుసలో వాళ్లు నవ్వారు. క్లర్కు మాత్రం "జరుగు, జరుగు" అన్నాడు. బయట ఎండలో నిలబడ్డ యాకూబ్ భార్య మక్సూదా ఎదురొచ్చి, "ఏమన్నరు?" అంది. "పోశం పెండ్లానికిస్తరట," అన్నాడు యాకూబ్. "నా పెట్టె సదురు."