గోడల మీది పిన్ని

మా అమ్మ చెల్లెలు పెళ్లయిన ఏడాది నుంచి జుట్టు నెరిసేదాకా ఒకే పని చేసింది: సాక్సుల కొసలు మూయడం. యంత్రం సాక్సును గొట్టంలా అల్లి పడేస్తుంది. వేళ్ల దగ్గర తెరుచుకుని ఉన్న ఆ మూతిని ఒక్క పోగు తప్పకుండా కుట్టాలి. కుట్టు లావైతే బూటులో వేలు ఒరుసుకుపోతుంది. వీధిలో అందరికీ ఆమె సాక్సుల పిన్ని.

ఆ ఫ్యాక్టరీ పోయింది. కూలి ఇంకా చవగ్గా దొరికే దేశానికి యంత్రాలు ఓడెక్కి వెళ్లిపోయాయి. ఒక పార్టీ గద్దె మీదున్నప్పుడు బయటి సరుకు మీద సుంకం తగ్గించింది. జనం దాన్ని తిట్టుకుంటూ రెండోదాన్ని గెలిపించారు. అది వచ్చి, మిగిలిన సుంకం కూడా ఎత్తేసి, దానికి ప్రగతి అని పేరు పెట్టింది. ఒకరు తలుపు తీశారు, ఇంకొకరు ద్వారబంధమే పీకేశారు.

మూసేసిన రోజు పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి గేటుకు తాళం. పిన్ని కళ్లద్దాలు లోపల మిషను సొరుగులో ఉండిపోయాయి. ఆమె గేటు ఊచలు పట్టుకుని, "ఒరేయ్, నా కళ్లద్దాలు నాకిచ్చి తగలడండిరా!" అని వాచ్‌మన్ మీద గొంతు చించుకుంది. ఎవడో ఫొటో తీశాడు.

ఎన్నికలొచ్చేసరికి ఆ ముఖం గోడలెక్కింది. ప్రతిపక్షం పోస్టర్‌లో దాని కింద "నా పొట్ట కొట్టింది వీళ్లే" అని రాశారు. అధికారపక్షం పోస్టర్‌లో అదే ముఖం, "కొట్టడం మొదలెట్టింది వాళ్లు" అని. ఒకరు ఎడమకు తిప్పి అచ్చేశారు, ఇంకొకరు కుడికి. పిన్నిని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

మొదట్లో ఆమెకు నవ్వొచ్చింది. బాబాయి, "ఇంట్లో ఒక్కదానితోనే వేగలేక చస్తుంటే, సందు సందుకీ నువ్వేనా!" అన్నాడు.

నవ్వు ఎక్కువ రోజులు లేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఉందంటే వెళ్లింది. సూపర్‌వైజర్ ఆమె వేసిన మడత చూసి తలూపాడు. ముఖం చూసి ఆగిపోయాడు.

"గోడల మీద అరుస్తున్నది మీరే కదమ్మా?"

"అరిచింది కళ్లద్దాల కోసం బాబూ."

"దేనికోసమైనా సరే, అరిచేవాళ్లంటే మా పైవాళ్లకి పడదు. ఆ బొమ్మలు తీయించుకుని రండి. వారం ఆగుతా."

నేను కాలేజీ మానేసి ఖాళీగా ఉన్నవాణ్ణే, వెంట వెళ్లాను. ముందు అధికారపక్షం ఆఫీసు. అక్కడ కంప్యూటర్ ముందున్న కుర్రాడు తల ఎత్తకుండానే, "ఆంటీ, మీ ముఖంలో మంచి బాధ ఉంది. బాగా పనిచేస్తోంది" అన్నాడు.

"నా ముఖానికి పని దొరికింది, నాకే దొరకలేదు. తీసెయ్ నాయనా."

"తీస్తే వాళ్లదొక్కటే మిగులుతుంది కదా! ముందు వాళ్లని తీయమనండి."

ప్రతిపక్షం ఆఫీసులోనూ అదే పాట. అక్కడి పెద్దమనిషి పళ్లు కుట్టుకుంటూ విని, "పోనీ నవ్వుతూ ఇంకో ఫొటో దిగుతావా? గెలిచాక వాడుకుంటాం" అన్నాడు. బయటికొస్తూ చూశాను. రెండు ఆఫీసుల్లోనూ ప్లాస్టిక్ కుర్చీల వీపు మీద ఒకే అద్దె కొట్టు పేరుంది.

మర్నాడు పొద్దున్నే పిన్ని బకెట్టుతో నీళ్లు, ఒక రేకుముక్క పట్టుకుని బస్టాండు గోడ దగ్గరికి బయల్దేరింది. ఇద్దరం ప్రతిపక్షం పోస్టర్ తడిపి గీకుతున్నాం. చెవి ఊడింది, గడ్డం ఊడింది. ఇంతలో ప్రతిపక్షం కుర్రాళ్లు బండ్ల మీద దిగారు.

"ఏయ్ ముసలమ్మా, ఎవరి మనిషివి నువ్వు?"

"మా ఆయన మనిషిని."

"చింపమని అవతలివాళ్లు ఎంతిచ్చారు?"

"కళ్లు దొబ్బాయట్రా? సరిగ్గా చూడు, అది నేనే!"

ఒకడు పోస్టర్ చూశాడు, పిన్నిని చూశాడు. "ఛీ, ఆవిడెక్కడ, నువ్వెక్కడ! ఆవిడ మా పార్టీ మనిషి" అన్నాడు. నేను మీదికి వెళ్లబోతే పిన్ని రెక్క పట్టి లాగింది. రెండోవాడు అప్పటికే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

సాయంత్రానికి అది అందరి ఫోన్లలోకీ వచ్చింది. "శ్రామిక మహిళ ముఖం చింపిన గూండా" అని ప్రతిపక్షంవాళ్లు పెట్టారు. "వాళ్ల అబద్ధాలను జనమే చింపుతున్నారు" అని అధికారపక్షంవాళ్లు అదే వీడియో పెట్టారు. ఈ ముక్క రాస్తుంటే థూ అని ఉమ్మాలనిపిస్తోంది.

వారం తిరగకముందే పిన్ని లాండ్రీకి వెళ్లింది. సూపర్‌వైజర్ తలుపు దగ్గరే ఆపేశాడు.

"చింపిందీ మీరే, చిరిగిందీ మీరేనటగా! మీరు ఏ పక్షమో తెలీక పైవాళ్లు హడలిపోతున్నారమ్మా."

"నాది దుప్పట్ల పక్షం బాబూ. మడతపెట్టుకోనివ్వు."

"నిన్ననే ఇంకొకామెని తీసుకున్నాం" అని నేలచూపులు చూశాడు. లోపల కుప్పగా తెల్లదుప్పట్లు. పిన్ని వాటినే కాసేపు చూసి వెనక్కి తిరిగింది.

పోలింగ్ రోజున ఏదో పార్టీ కారు పిన్ని ఇంటిముందు ఆగింది. మెడలో కండువా ఉన్నవాడు తలుపు కొట్టి, "రండమ్మా, బండి రెడీ" అన్నాడు.

"నా ముఖాన్ని ఎప్పుడో పట్టుకుపోయారుగా. దాన్నే వేయమనండి ఓటు" అని పిన్ని గడియ వేసేసింది.

"భలే సరదా మనిషివమ్మా!" అని వాడు బయటనుంచి నవ్వాడు. తలుపు కింది సందులోంచి కరపత్రం ఒకటి లోపలికి తోశాడు. దాని మీద పిన్నే, నోరు తెరుచుకుని. ఆమె వంగలేదు. కాలి బొటనవేలితో దాన్ని మళ్లీ ఆ సందులోంచే బయటికి నెట్టేసింది.