‘శ’ సొరుగు

నిన్న లైబ్రరీ వాళ్ల ఆన్‌లైన్ కేటలాగులో ‘శెనక్కాయలు’ అని కొట్టినాను. ఏమీ దొరకలేదని వచ్చింది. ఆ మాట చూడగానే ముక్కుకు పాత చెక్క సొరుగు వాసన తగిలింది.

ఎనభైల్లో ఒక వానకాలం. ఆళ్లగడ్డ దగ్గర మా చేలో శెనక్కాయ ఆకుల నిండా నల్ల మచ్చలు లేచినాయి. దానికి మందు పుస్తకాల్లో ఉంటుందని ఎవరో చెప్పినారు. చదువురాని నాయన, మూడో తరగతి చదివే నన్ను బస్సులో నంద్యాల లైబ్రరీకి పిలుచుకొని పోయినాడు. తడిగుడ్డలో చుట్టిన మొక్క పట్టుకొని, చెప్పులు విడిచి, గడప బయటే నిలబడినాడు.

పుస్తకాల పేర్లు రాసిన కార్డులు అక్షరాల వరసన సొరుగుల్లో ఉండేవి. ఎవరినీ అడగడానికి ధైర్యం చాలక, ‘శ’ సొరుగు లాగి ఒక్కో కార్డూ కూడబలుక్కొని చదివినాను. శతకాలున్నాయి, శిల్పాలున్నాయి. వేళ్లు దుమ్ముకొట్టుకుపోయినాయి.

“యాడా లేదా పాపా?”

“మన పంట మీద ఎవరూ రాయలేదు నాయనా.”

నాయన చేతిలో మొక్కను చూసుకున్నాడు. “పోనీలే. రాసేటోళ్లు ఇంకా మన కాడికి రాలేదేమో.”

ఆ ఏడు మాకు కాయ పట్టలేదు. పుస్తకాల్లో శెనక్కాయను వేరుశనగ అంటారని పెద్ద తరగతికి పోయినాక తెలిసింది. ‘వ’ అంటే, నేను లాగిన దానికి పక్క సొరుగే.

నిన్న ‘వేరుశనగ’ అని కొడితే తెర నిండా పుస్తకాలు. ఆకుమచ్చ తెగులు మీదే మూడున్నాయి. మళ్లీ ‘శెనక్కాయలు’ అనే కొట్టినాను, మొండిగా.

ఇంకా రాలేదు నాయనా.