అడిగితేనే అవుట్

అమెరికాలోని క్యారీ ఊళ్లో వసుమతి వారమంతా మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. శనివారం ముఖానికి మాస్క్ తగిలించుకుని పిల్లల బేస్‌బాల్‌లో అంపైర్‌గా నిలబడుతుంది. "ఎండలో నిలబడి తిట్లు తినడమేంటే నీకు?" అంటుంది స్నేహితురాలు ఉజ్వల.

ఈ సీజన్‌లో తిట్లతో ఆగలేదు. ఆమె ఇండియన్ పిల్లల వైపు మొగ్గుతోందని ఒక కోచ్ లీగ్‌కు ఫిర్యాదు చేశాడు. ఇంకొకటి వస్తే పక్కన పెడతామని లీగ్ వాళ్లు చెప్పేశారు. తెల్ల అంపైర్లను తెల్ల పిల్లల గురించి ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

సెమీఫైనల్‌లో ఆ కోచ్ జట్టే బ్యాటింగ్. బంతి వేస్తున్నది ఉజ్వల కొడుకు విహాన్. ఆఖరి ఇన్నింగ్స్, విహాన్ వాళ్లకు ఒక్క పరుగు ఆధిక్యం; ఒకరు అప్పటికే అవుట్, మూడో అవుట్‌తో ఆట ముగుస్తుంది. బ్యాటర్ కొట్టిన బంతి గాల్లోకి లేచి ఫీల్డర్ చేతిలో పడింది, రెండో అవుట్. క్యాచ్ పట్టాకే మూడో బేస్ మీదున్న రన్నర్ కదలాలి. వాడు ముందే కదిలి, పరుగు పూర్తి చేశాడు. స్కోరు సమం.

వసుమతి చూసింది. కానీ ఫీల్డింగ్ జట్టు బంతితో ఆ బేస్ తొక్కి అప్పీల్ చేసేదాకా అంపైర్ నోరు విప్పకూడదు. తర్వాతి బంతి వేశారంటే ఆ హక్కూ పోతుంది.

"ఆంటీ, వాడు ముందే వెళ్లాడు కదా?" విహాన్ అరిచాడు.

ఆమె పలకలేదు.

"పిల్లాడు అడుగుతున్నాడు, చెప్పవే వసూ" అని బెంచీల మీంచి ఉజ్వల.

వసుమతి వంగి బ్యాటర్ ముందున్న ప్లేట్ మీది దుమ్ము దులిపింది. విహాన్ ఏడుపుమొహంతో బంతి వేయబోయాడు.

"పిచ్ చెయ్యకు, నాకు త్రో చెయ్యి" అంది మూడో బేస్ దగ్గరున్న అతని జట్టు పిల్ల హంసిక. బంతి అందుకుని, బేస్ తొక్కి, రన్నర్ ముందే కదిలాడని ఇంగ్లీషులో స్పష్టంగా అప్పీల్ చేసింది.

'సేఫ్', అంటే నాటౌట్, అనేస్తే వసుమతికి ఏ గొడవా లేదు. పిడికిలి ఎత్తింది. అవుట్. పరుగు రద్దయింది, ఆట ముగిసింది.

కోచ్ ఊగిపోతూ వచ్చాడు. "మీవాళ్లేగా."

"మావాళ్లే ఆంటీ అని పిలిచినప్పుడు నేను పలకలేదు, మీరూ విన్నారు. పద్ధతిగా అప్పీల్ చేశారు, తీర్పిచ్చాను. కావాలంటే మీ వాణ్ని అడగండి."

అడిగాడు. కుర్రాడు బూట్ల వైపు చూస్తూ తలూపాడు. కోచ్ వెళ్లిపోయాడు. ఫిర్యాదు రాలేదు. క్షమాపణా రాలేదు, అలాంటివాళ్లకు అదెప్పుడు వచ్చింది గనక. ఫైనల్‌కు మాత్రం లీగ్ వసుమతినే వేసింది.

"సేఫ్ అనేసి ఊరుకుంటే నీ పోస్టుకి ఢోకా ఉండేది కాదుగా" అంది ఉజ్వల, సెమీఫైనల్ రోజే పార్కింగ్‌లో.

"చూసిందాన్ని చూడలేదని ఎలా అంటానే" అంటూ వసుమతి కారెక్కింది.