ముక్కల సంచి

మారతహళ్ళిలో మేం ఇల్లు కట్టుకునేటప్పుడు బళేపేట నుంచి ఒక ముసలి ప్లంబరు వచ్చేవాడు. పైపు కోసిన ప్రతిసారీ రంపం పక్కన పెట్టి, రాలిన ప్లాస్టిక్ ముక్కల్ని ఏరి గోనెసంచిలో వేసుకునేవాడు. వేలెడంత ముక్కను కూడా వదిలేవాడు కాదు. పాత సామాన్లవాడికి అమ్ముకుంటాడేమో అనుకున్నాను.

ఒక సాయంత్రం వాచ్‌మన్ భార్య వచ్చి, స్నానానికి నీళ్ళు కాచుకునే పొయ్యిలోకి ఆ ముక్కలు ఇమ్మని అడిగింది. ఆయన ఇవ్వలేదు. సెంట్రింగు చెక్కలు నాలుగు ఏరి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"చెత్తే కదా, ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అని కసిరాను.

"దీని పొగ మంచిది కాదప్పా. రొమ్ము పట్టేస్తాది."

"నీకెవరు చెప్పారు?"

ఆయన సంచి మూతి కడుతూనే నెమ్మదిగా అన్నాడు. "ఒకరు చెప్పల్నా? మా ఇంటి పొయ్యికి పదేండ్లు నేనే మోసుకొని పోయినాను. కట్టెలు కొనే పని తప్పిందని సంబరపడితిని. ఇప్పుడు మా ఆడామె నాలుగు మెట్లు ఎక్కలేకుండా ఉండాది."

ఆయన నా ముందు వంగి కూర్చున్నాడు.

"కాలు ఎత్తప్పా," అన్నాడు. "నీ చెప్పు కింద ఒకటి ఉండాది."